రొమాంటిక్ బాలే వేషధారణ: గోల్కొండ కథలు, హైదరాబాద్ పేష్వాజ్

నిర్వచనం, పరిధి

ఇంచుమించు 1830 నుంచి 1850 వరకు పారిస్ కేంద్రంగా వర్ధిల్లిన నాట్యరీతిని రొమాంటిక్ బాలే అంటారు. అక్కడి నుంచే అది లండన్, మిలాన్, కోపెన్‌హాగన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరాలకు పాకింది. అప్సరలు, ప్రేతాత్మలు, దూరదేశపు నర్తకులు ఈ రీతికి ఇష్టమైన నాయికలు. మోకాళ్ల కిందివరకు గంటలా విచ్చుకునే తెల్లని పలచటి దుస్తు, మునివేళ్ల మీద నిలిచే నాట్యం దీని ప్రధాన లక్షణాలు. తెలుగులో నృత్యరూపకాలను కూడా బాలే అనడం వాడుకలో ఉంది. ఈ వ్యాసంలో ఆ మాట పాశ్చాత్య రంగస్థల నాట్యానికే పరిమితం.

ఈ నాట్యానికీ హైదరాబాద్ పాతబస్తీకీ సంబంధం కథావస్తువు ద్వారా ఏర్పడింది. 18, 19 శతాబ్దాల ఐరోపా రంగస్థలం మీద గోల్కొండ పదే పదే కనిపించిన రాజ్యం. అదే కాలంలో హైదరాబాద్ ఆస్థానంలో పేష్వాజ్ ధరించిన నర్తకులు ఆడుతూ ఉన్నారు. గోల్కొండ పేరుతో పారిస్‌లో కుట్టిన దుస్తులు, హైదరాబాద్‌లో నిజంగా ధరించిన దుస్తులు, రెంటి నిర్మాణం, రెంటి మధ్య తేడా ఈ వ్యాసం విషయం. బాలే చరిత్రలు మొదటిదాన్ని విపులంగా చెప్పి రెండోదాన్ని వదిలేస్తాయి. దక్కన్ చరిత్రలు రెండోదాన్ని చెప్పి మొదటిదాని ఊసెత్తవు. పక్కపక్కన పెట్టి చూస్తేనే రెండూ సరిగా అర్థమవుతాయి.

ఐరోపాలో గోల్కొండ పేరు

కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 వరకు గోల్కొండ రాజ్యాన్ని ఏలారు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో మూసీ దక్షిణపు ఒడ్డున చార్మినార్ కేంద్రంగా కొత్త నగరం కట్టించాడు. కృష్ణా తీరపు గనుల వజ్రాలు, మచిలీపట్నం రేవు నుంచి ఎగుమతయ్యే అద్దకపు బట్టలు ఆ రాజ్యం పేరును ఐరోపాలో ఇంటింటి మాట చేశాయి. ఆ బట్టల పోటీకి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు సాగింది.

ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో పలుమార్లు ఇక్కడికి వచ్చి 1676లో తన యాత్రాగ్రంథం ప్రచురించాడు. రాజధాని అసలు పేరు భాగ్‌నగర్ అయినా కోట పేరు మీదుగా జనం దాన్ని గోల్కొండ అనే పిలుస్తారని అందులో రాశాడు. కాబట్టి ఐరోపా పాఠకుడు ‘గోల్కొండ’ అని చదివినప్పుడు అది కోట ఒక్కటే కాదు, నేటి పాతబస్తీ కూడా. నగరంలోని ఆటగత్తెలు, వేశ్యల పేర్లు దరోగా అనే అధికారి పుస్తకంలో 20,000కు పైగా నమోదై ఉన్నాయని, శుక్రవారాల్లో వాళ్లు రాజభవనం గవాక్షం ఎదుటి మైదానానికి వచ్చి, రాజు అక్కడ ఉంటే ఆడేవారని అతను చెప్పాడు. ఆ సంఖ్య నిజమో కాదో తేల్చలేం, కానీ ఐరోపా ఊహను రేపింది అలాంటి సంఖ్యలే. ఆనాటి రాజభవనాలు ఇప్పుడు లేవు. వాటి ముంగిట నిలిచిన చార్ కమాన్ మాత్రం చార్మినార్‌కు ఉత్తరాన నేటికీ ఉంది.

టావెర్నియే చెప్పిన ఇంకొక సంగతి నాట్య చరిత్రకారులు ప్రత్యేకంగా గమనించదగినది. సుల్తాను మచిలీపట్నం వెళ్లినప్పుడు తొమ్మిది మంది స్త్రీలు కలిసి ఏనుగు ఆకారం కట్టారు. నలుగురు కాళ్లు, నలుగురు మొండెం, ఒకరు తొండం. రాజు పైన ఆసనం మీద కూర్చుని అలాగే ఊళ్లోకి ప్రవేశించాడు. శరీరాలతోనే ఆకృతులు కట్టే శిక్షణ ఆ నర్తకులకు ఉండేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

18వ శతాబ్దంలో ఫ్రెంచివారికి హైదరాబాద్ మరింత దగ్గరైంది. సేనాని బుస్సీ 1751 నుంచి 1758 వరకు నిజాం పక్షాన దక్కన్‌లో ఉన్నాడు. తరువాతి తరంలో నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి దళాలను నడిపిన రేమండ్ 1798లో ఇక్కడే మరణించాడు. అతని సమాధి సరూర్‌నగర్ వైపు గుట్ట మీద ఉంది. (చూ. మూసారాంబాగ్)

గోల్కొండ రాణి అలీన్

బుస్సీ వెళ్లిపోయిన మూడేళ్లకు, 1761లో, బూఫ్లేర్ అనే ఫ్రెంచి రచయిత ‘గోల్కొండ రాణి’ అనే చిన్న కథ రాశాడు. పాలు అమ్మే పల్లెపడుచు అలీన్ విధివశాత్తు గోల్కొండకు రాణి అవుతుంది. పాత ప్రియుడు అక్కడికి వచ్చేసరికి, తాము మొదట కలుసుకున్న ఫ్రెంచి లోయను, ఆ వాగును, వంతెనను గోల్కొండలోనే కట్టించి పెట్టుకుని ఉంటుంది. తాను కూడా పల్లెపడుచు దుస్తుల్లోకి మారి అతని కంటపడుతుంది.

ఈ కథను 1766లో సెదేన్, మోన్సిన్యీ పారిస్ ఒపేరా రంగస్థలానికి ఎక్కించారు. 1823లో అదే ఒపేరాలో ఓమేర్ దీన్ని బాలేగా కూర్చాడు. 1828లో దోనిజెత్తి జెనోవా నగరంలో ఇటాలియన్ ఒపేరాగా ప్రదర్శించాడు. ఔరంగజేబు గోల్కొండను జయించి అప్పటికి 140 ఏళ్లు దాటినా ఐరోపా రంగస్థలం మీద మాత్రం ఆ సింహాసనం ఖాళీ కాలేదు.

వేషధారణ దృష్టితో చూస్తే ఈ కథలో ఒక విశేషం ఉంది. గోల్కొండ రాణి పాత్ర కీలక ఘట్టంలో కట్టేది ఫ్రెంచి పల్లె బట్ట. అంటే తూర్పు దేశపు ఆడంబరం చుట్టూ కనిపించే అలంకారమైతే, నాయిక మనసును చూపించేది తెల్లని, సాదా, ఐరోపా దుస్తు. రొమాంటిక్ బాలే పూర్తిగా రూపుదిద్దుకున్నాక స్థిరపడిన రంగుల విభజనకు ఇది ముందు మెట్టు.

ఓమేర్ బాలే పారిస్‌లో ఆడిన 1823 నాటికి హైదరాబాద్‌లో మహ్‌లఖా బాయి చందా జీవించే ఉంది. ఆస్థాన నర్తకి, కవయిత్రి, జాగీర్దారు అయిన ఆమెను గురించి ఆ పారిస్ ప్రేక్షకులు విని ఉండరు.

రొమాంటిక్ దుస్తు: పుట్టుక, నిర్మాణం

1831 నవంబరు 21న పారిస్ ఒపేరాలో మేయర్‌బేర్ ‘రాబర్ట్ ద డెవిల్’ ప్రదర్శన జరిగింది. అందులో చనిపోయిన సన్యాసినులు సమాధుల నుంచి లేచి తెల్లని దుస్తుల్లో నాట్యమాడే ఘట్టం ప్రేక్షకులను కదిలించివేసింది. మరుసటి ఏడాది మార్చి 12న ‘లా సిల్ఫీద్’ వచ్చింది. ఫిలిప్పో టాల్యోనీ కూర్చిన ఈ బాలేలో ఆయన కుమార్తె మరీ టాల్యోనీ గాలికన్యగా ఆడింది. ఆమె దుస్తు రూపకల్పనకు సాధారణంగా యూజెన్ లామీ పేరు చెబుతారు. తరువాతి ఇరవై ఏళ్లు నర్తకి అంటే ఇలాగే ఉండాలని ఐరోపా అనుకున్నది ఆ దుస్తును చూసే.

దాని నిర్మాణం రెండు భాగాలు. పై భాగం బిగుతైన రవిక. లోపల ఎముకపట్టీల కట్టు, భుజాలు బయటికి, నడుము ముందు కిందికి మొనదేలినట్టు. కింది భాగం పలచటి నూలుబట్ట పొరలు. నిలువు పీసులను నడుము దగ్గర కుచ్చులు పోసి బిగించి, ఒకదాని మీద ఒకటిగా వేసేవారు. పొర ఒక్కటే చూస్తే ఒంటి ఛాయ కనిపించేంత పలచన. ఎన్నో పొరలు కలిస్తే పొగమంచులా కనిపిస్తుంది. ఇందుకు ఎక్కువగా వాడింది టార్లటన్ అనే గంజి పెట్టిన వదులు నేత మస్లిన్. ఫ్రాన్స్‌లో తరార్ పట్టణం ఆ నేతకు ప్రసిద్ధి. ఒకప్పుడు భారతదేశం నుంచి దిగుమతైన సన్న నూలుబట్టను 1830ల నాటికి ఐరోపా మగ్గాలు, మిల్లులు తామే తయారుచేస్తున్నాయి. రంగస్థలం మీద తేలిపోయినట్టు కనిపించే ఆ గాలికన్య వెనుక అంత వస్త్ర వ్యాపార చరిత్ర ఉంది.

వీపున చిన్న రెక్కలు, తలకు పూలచెండు, మెడలో ముత్యాలు, కాళ్లకు గులాబి మేజోళ్లు, పాదాలకు సాటిన్ చెప్పులు. ఆనాటి చెప్పు మొనలో నేటి బాలే బూటులా గట్టి డబ్బా ఉండేది కాదు. మొన చుట్టూ, పక్కల్లో దారంతో దట్టంగా కుట్టి మెత్తటి సాటిన్‌కు కొంత బిగువు తెచ్చేవారు, చీలమండకు రిబ్బను చుట్టేవారు. నర్తకి మునివేళ్ల మీద నిలవడం దాదాపు పూర్తిగా ఆమె పాదబలం, వెన్ను బలం. దుస్తు పొడవు కూడా ఇందుకు అనుగుణంగానే తగ్గింది. పాదం, చీలమండ కనిపించకపోతే ఆ విద్య కనిపించదు.

ఈ తెలుపుకు దీపాలు తోడయ్యాయి. పారిస్ ఒపేరాలో 1822లో గ్యాస్ దీపాలు వచ్చాయి. రంగస్థలం మీద వెలుగును పెంచడం, తగ్గించడం వాటితో సాధ్యమైంది. తగ్గించిన గ్యాస్ వెలుగులో తెల్లని పొరలు నీలిఛాయతో వెన్నెల్లో ఉన్నట్టు కనిపించేవి. ముదురు రంగు పట్టుకు ఆ గుణం లేదు.

1841 జూన్ 28న వచ్చిన ‘జిజెల్’ ఈ పద్ధతిని స్థిరపరిచింది. మొదటి అంకం పగలు, పల్లె, రంగు బట్టలు. రెండో అంకం రాత్రి, సమాధులు, అందరూ తెలుపు. నాయికగా కార్లోత్తా గ్రీసి ఆడింది, కథ రాసినవారిలో కవి తియోఫిల్ గోతియే ఒకరు. తెలుపు ఆత్మకూ, రంగు లోకానికీ గుర్తు కావడంతో దూరదేశాల కథలన్నీ రంగు పక్షానికి చేరాయి. ఫానీ ఎల్స్‌లర్ 1836లో ఆడిన స్పానిష్ నృత్యం ‘కచూచా’ దుస్తు, గులాబి సాటిన్ మీద నల్లని లేసు, ఆ రెండో పక్షానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. గోల్కొండ నాయికలు కూడా అటే చేరారు.

నిప్పు ప్రమాదాలు

గంజి పెట్టిన టార్లటన్ పొరల మధ్య గాలి ఆడుతుంది. ఒక్క రవ్వ తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది. రంగస్థలం అంచున, పక్కల్లో తెరిచిన గ్యాస్ మంటలు. లండన్‌లో 1844 డిసెంబరులో క్లారా వెబ్‌స్టర్ ప్రదర్శన మధ్యలోనే దుస్తులంటుకుని మూడు రోజులకు మరణించింది. పారిస్‌లో మరీ టాల్యోనీ శిష్యురాలు ఎమ్మా లివ్రీ 1862 నవంబరు 15న సాధన సమయంలో కాలిపోయి, ఎనిమిది నెలలు నరకయాతన అనుభవించి 1863 జులైలో కన్నుమూసింది. అప్పటికే బట్టను మంట అంటుకోకుండా మందులో ముంచే కార్తెరోన్ పద్ధతి అమల్లో ఉంది. దానివల్ల బట్ట బిరుసెక్కి రంగు మారుతుందని ఆమె వద్దంది. మంటకు రెక్కలు కాల్చుకునే సీతాకోకచిలుకగా ఆమె 1860లో ‘ల పపియోన్’ బాలేలో ఆడి ఉంది. కాలగా మిగిలిన ఆమె దుస్తు పీలికలను పారిస్ ఒపేరా నేటికీ భద్రపరిచింది.

‘బయదేర్’: కల్పన, నిజం

దక్షిణ భారత దేవాలయ నర్తకులను ఫ్రెంచివారు బయదేర్ అని పిలిచేవారు. 1830 అక్టోబరు 13న పారిస్‌లో వచ్చిన ‘దేవుడు, బయదేర్’ అనే ఒపేరా-బాలేకు ఓబేర్ సంగీతం కూర్చాడు, స్క్రీబ్ కథ రాశాడు. కథ జరిగేది కాశ్మీరంలో. నాయిక జొలోయేకు ఆ దేశభాష రాదు కాబట్టి పాడకుండా ఆడుతుంది. ఆ పాత్ర ధరించింది మరీ టాల్యోనీ. ఆమె దుస్తు కోత పూర్తిగా ఐరోపాది. బిగుతు రవిక, కుచ్చుల గౌను మీద నడుముగుడ్డ, నగలు చేర్చి భారతీయం అనిపించారు.

ఎనిమిదేళ్లకు అసలు నర్తకులే పారిస్ వచ్చారు. పుదుచ్చేరి దగ్గరి తిరువహీంద్రపురం దేవాలయానికి చెందిన ఐదుగురు నర్తకులను, ముగ్గురు వాద్యగాళ్లను తార్దివెల్ అనే ఫ్రెంచి వ్యాపారి ఒప్పందం మీద తీసుకువెళ్లాడు. 1838 ఆగస్టులో పారిస్ వరైటీ థియేటర్‌లో, తరువాత లండన్ అడెల్ఫీ థియేటర్‌లో వారు ఆడారు. వారిలో ఆరేళ్ల పసిపిల్ల కూడా ఉంది. బృందంలో పేరు పొందింది అమ్మణి. శిల్పి బార్ ఆమె కంచు బొమ్మ చేశాడు, గోతియే ఆమెపై మనసారా మెచ్చుకుంటూ రాశాడు.

అక్కడి ప్రేక్షకులు చూసిన దుస్తులు టాల్యోనీవి కావు. పైజామా మీద చుట్టిన చీర, పొట్టి రవిక, జడకు, తలకు బంగారు బిళ్లలు, ముక్కుకు నత్తు, కాళ్లకు గజ్జెలు. కాళ్లకు చెప్పులు లేవు. వారి అంశాల్లో ఒకటి మరీ ఆశ్చర్యపరిచింది. నర్తకులు ఆగకుండా గుండ్రంగా తిరుగుతూనే పొడవైన తెల్లని మస్లిన్ గుడ్డను మలిచి తాటిచెట్టు మీద వాలిన పావురాల రూపం తెచ్చేవారు. పారిస్‌లో మస్లిన్ అంటే నర్తకి కట్టుకునే బట్ట. ఆ గుడ్డ వీళ్ల చేతుల్లో నాట్యంలో భాగమైంది, చేతుల పనితనానికి వస్తువైంది.

బయదేర్ అంటే టాల్యోనీయే అనుకున్న పట్టణంలో అసలైనవారు కొత్తగా, వింతగా కనిపించారు. బాలే దుస్తుల మీద వారి ప్రభావం పడలేదనే చెప్పాలి. 1838 తరువాత కూడా బయదేర్ పాత్రలు కుచ్చుల గౌన్లలోనే ఆడాయి.

హైదరాబాద్ పేష్వాజ్

హైదరాబాద్ ఆస్థాన నర్తకి దుస్తు దేవాలయ నర్తకి దుస్తుకు భిన్నం. మొగలుల ఆస్థానం నుంచి దక్కన్‌కు వచ్చిన పేష్వాజ్ దాని ప్రధాన వస్త్రం. ముందువైపు తెరుచుకునే పొడవైన పలచటి అంగీ ఇది. ఛాతీ దగ్గర ముడితో బిగించి, అక్కడి నుంచి పాదాల దాకా ఘేరుగా, అంటే చుట్టూ విచ్చుకునేలా, వదులుతారు. 18వ శతాబ్దం చివరికి పై భాగం బాగా పొట్టిదై ఘేరు విపరీతంగా పెరిగింది. లోపల చుస్త్ పైజామా, ఛాతీకి చోళీ, పైన దుపట్టా, నడుముకు పటకా.

దీని రహస్యం కలీలో ఉంది. కలీ అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా కత్తిరించిన ముక్క. అలాంటి ముక్కలను వరసగా కలిపి కుడితే నడుము దగ్గర బట్ట దొంతర పడదు, అంచు దగ్గర మాత్రం పెద్ద వలయం అవుతుంది. నర్తకి నిలబడితే పేష్వాజ్ ఒంటికి ఆనుకుని జారుతుంది, చక్కర్ కొడితే అంచు పైకి లేచి గొడుగులా విప్పుకుంటుంది. అంచున కుట్టిన గోటా, కినారీ, జరీ బరువు ఆ విప్పుకోవడాన్ని అదుపులో పెడుతుంది. బరువు లేకపోతే పలచటి బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది. కుట్టేవారికి ఈ లెక్క చేతికి అలవాటు. సన్న నూలుకు నిజాం రాజ్యంలో నాందేడ్, జరీ పట్టుకు పైఠణ్, హిమ్రూకు ఔరంగాబాద్ పేరుబడ్డవి.

గజ్జెలు ఈ వేషంలో విడదీయలేని భాగం. పైజామా బిగువు చీలమండ మీద గజ్జెలు నిలవడానికి వీలిస్తుంది. పేష్వాజ్ పలచన కావడంతో అడుగు కనిపిస్తుంది, వినిపిస్తుంది. మెహఫిల్‌లో నర్తకి కూర్చుని పాడుతూ అభినయం పట్టే సమయం కూడా తక్కువ కాదు. అప్పుడు ఘేరు ఆమె చుట్టూ నేల మీద పరుచుకుంటుంది. నిలబడినా, తిరిగినా, కూర్చున్నా అందంగా ఉండేలా తీర్చిన దుస్తు ఇది.

మహ్‌లఖా బాయి చందా (1768–1824) ఈ సంప్రదాయంలో అగ్రగణ్య. ఖుష్‌హాల్ ఖాన్ అనూప్ వద్ద సంగీతం నేర్చింది. నిజాం అలీఖాన్, ఆ తరువాత సికందర్ జా కాలాల్లో ఆస్థానంలో వెలిగింది. జాగీర్లు పొందింది, గుర్రపు స్వారీ చేసింది, యుద్ధయాత్రల్లో నిజాం వెంట వెళ్లింది. ఉర్దూలో దీవాన్ (కవితా సంపుటి) కూర్చిన తొలి కవయిత్రుల్లో ఆమె ఒకరు. 1799లో ఆమె బ్రిటిష్ అధికారి జాన్ మాల్కమ్‌కు కానుకగా ఇచ్చిన దీవాన్ ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తన తల్లి రాజ్‌కుఁవర్ బాయి కోసం 1792లో మౌలాలి గుట్ట పాదాన సమాధి తోట కట్టించింది. 1824లో ఆమెనూ అక్కడే ఖననం చేశారు.

పారిస్ రంగస్థలం ఊహించిన గోల్కొండ నర్తకికీ ఈమెకూ పోలికే లేదు. కథల్లో నర్తకి ప్రేమకు బలైపోయే అబల. మహ్‌లఖా తన ఆస్తిని తానే నిర్వహించుకుంది, కవితను తానే గ్రంథంగా కూర్చుకుంది, ఇతరుల విద్యకు పోషకురాలైంది. ఈ వ్యత్యాసాన్ని ఎత్తిచూపకుండా గోల్కొండ బాలేల గురించి రాస్తే సగమే రాసినట్టు.

తెలుగు ప్రాంతాల కలావంతుల మేళాల్లో చీరకట్టు ప్రధానం. కూచిపూడి భాగవతులకు ఆ గ్రామాన్ని చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానాషా ఇనాముగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. వారిది మగవారే స్త్రీవేషం కట్టే పద్ధతి. పేష్వాజ్ వీటికి వేరైన ఆస్థాన సంప్రదాయం. (చూ. కలావంతులు, కూచిపూడి, మేజువాణి)

రెండు దుస్తుల తేడా

రెండూ పలచటి నూలుబట్టతో చేసినవే. రెంటికీ ఘేరే ప్రాణం. తేడా బట్టలో కంటే కోతలో ఉంది. పారిస్ దుస్తులో నిలువు పీసులు నడుము దగ్గర కుచ్చులై, అక్కడి నుంచే ఉబ్బి నిలుస్తాయి. నర్తకి కదలకపోయినా గంట ఆకారం మారదు. పేష్వాజ్‌కు స్థిరమైన ఆకారం లేదు, అది కదలికతో పుడుతుంది. గంజి మొదటిదానికి ఆధారం; అంచు బరువు రెండోదానికి.

నేలతో సంబంధం మరో తేడా. టాల్యోనీ దుస్తు, చెప్పు, రెక్కలు, అప్పుడప్పుడు ఆమెను పైకెత్తే తీగలు అన్నీ నేలను మరిపించడానికే. అడుగుల చప్పుడు వినిపించకపోవడం ఆమె గొప్పతనంగా మెచ్చుకున్నారు. హైదరాబాద్ నర్తకికి నేలే వాద్యం. అడుగు చప్పుడు తబలాతో సమానంగా వినిపించాలి.

శరీరాన్ని పట్టే తీరు కూడా వేరు. ఎముకపట్టీల రవిక వెన్నును నిలువుగా బిగించి, కదలికను కాళ్లకూ చేతులకూ వదిలేస్తుంది. చోళీ, పేష్వాజ్ మొండేన్ని బిగించవు. నడుము, మెడ, కనుబొమలు అభినయంలో పాల్గొంటాయి. అందువల్ల పేష్వాజ్ తొడిగినంత మాత్రాన బాలే నర్తకి హైదరాబాద్ నర్తకి కాలేదు, గౌనుకు జరీ అంచు కుట్టినంత మాత్రాన గోల్కొండ రాదు. 19వ శతాబ్దపు బాలే దుస్తుల గదులు ఈ రెండో పని మాత్రమే చేశాయి.

లా బయదేర్ (1877)

రొమాంటిక్ యుగం ముగిసిన పాతికేళ్లకు దాని భావాలన్నీ పోగుచేసుకున్న బాలే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వచ్చింది. మరియూస్ పెతిపా కూర్చిన ‘లా బయదేర్’ 1877 ఫిబ్రవరి 4న మొదటిసారి ఆడింది. సంగీతం మింకుస్. నికియాగా ఎకాతెరీనా వాజెమ్ నటించింది. కథాస్థలం గోల్కొండ. రాజు పేరు దుగ్మంత, కూతురు గమ్జత్తి, వీరుడు సోలోర్. దేవాలయ నర్తకి నికియా సోలోర్‌ను ప్రేమిస్తుంది. రాజు కూతురితో అతని పెళ్లి కుదురుతుంది. పూలబుట్టలో దాచిన పాము కాటుకు నికియా చనిపోతుంది.

చారిత్రకంగా ఈ గోల్కొండ ఎక్కడా లేదు. అసలు గోల్కొండను ఏలింది షియా ముస్లిం సుల్తానులు. ఇక్కడ బ్రాహ్మణ ప్రధానార్చకుడు, అగ్నిగుండం, ఫకీర్లు, హిందూ రాజు ఒకే ప్రాంగణంలో కలిసిపోయారు. బాలే ఆడిన ఏడాది హైదరాబాద్‌లో నిజాం మహబూబ్ అలీఖాన్ పదేళ్లు నిండిన బాలుడు. మొదటి సాలార్‌జంగ్ రాజ్యభారం వహిస్తున్నాడు.

వేషధారణలో ‘జిజెల్’ విభజన ఇక్కడా కనిపిస్తుంది. జీవించి ఉన్న గోల్కొండ అంతా రంగు, నగ, జరీ. సోలోర్ నల్లమందు మత్తులో చూసే ఛాయల లోకం అంతా తెలుపు. వాలుతలం మీదుగా నర్తకులు ఒక్కొక్కరే అదే అడుగు వేస్తూ దిగివస్తారు. తల నుంచి చేతులకు కట్టిన పలచటి తెల్లని మేలిముసుగులు వారి వెంట కదులుతాయి. ఇప్పటి ప్రదర్శనల్లో సాధారణంగా 24 లేదా 32 మంది ఉంటారు. బాలే సాహిత్యంలో ఇంత గొప్ప సామూహిక ఘట్టాలు కొన్నే ఉన్నాయి. కానీ ఆ లోకంలో నికియా మీద గోల్కొండ గుర్తు ఒక్కటీ మిగలదు. చనిపోయి ఆత్మ అయ్యేసరికి ఆమె పారిస్ గాలికన్య అయిపోతుంది. అలీన్ కథలో మొదలైన లెక్క ఇక్కడ పూర్తయింది.

తరువాతి చరిత్ర

రష్యాలో ఈ బాలే నిలిచింది. పశ్చిమ దేశాలకు పూర్తి రూపంలో ఆలస్యంగా వచ్చింది. నూరెయెవ్ 1963లో లండన్‌లో ఛాయల ఘట్టం ఆడించాడు, మకారోవా 1980లో న్యూయార్క్‌లో పూర్తి బాలే కూర్చింది. 1992లో నూరెయెవ్ పారిస్ ఒపేరాకు చేసిన రూపానికి ఫ్రాంకా స్క్వార్చాపీనో దుస్తులు కూర్చింది.

ఇటీవల ఈ బాలేలోని భారతీయత మీద ప్రశ్నలు పెరిగాయి. 2019లో మాస్కో బోల్షోయ్ ప్రదర్శనలో పిల్లలకు ఒంటికి నల్లరంగు పూయడాన్ని అమెరికన్ నర్తకి మిస్టీ కోప్‌లాండ్ బహిరంగంగా తప్పుపట్టింది. భారతీయ మూలాలున్న బ్రిటిష్ నాట్యకారిణి శోభనా జయసింగ్ 2015లో లండన్‌లో చేసిన ‘బయదేర్: ద నైన్త్ లైఫ్’ 1838 నాటి అమ్మణినీ ఆమెపై గోతియే రాతలనూ ముందుకు తెచ్చింది. 2024లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం కథాస్థలాన్నే గోల్కొండ నుంచి హాలీవుడ్‌కు మార్చి ఆడించింది. ఈ చివరి రెంటిలో జయసింగ్ మార్గం ఎక్కువ ప్రయోజనకరం. గోల్కొండ పేరు తీసేయడం కంటే ఆ పేరు వెనుక నిజంగా ఎవరు ఆడారో చూపడం ప్రేక్షకులకు ఎక్కువ నేర్పుతుంది.

హైదరాబాద్‌లో పేష్వాజ్ నాట్యం 19వ శతాబ్దం చివరి నుంచి క్షీణించింది. సంస్కరణోద్యమాలు, 1948లో నిజాం రాజ్యం విలీనం కావడం, జాగీర్ల రద్దు ఆ సంప్రదాయానికి పోషకులు లేకుండా చేశాయి. దుస్తు వారసత్వం మాత్రం వివాహ వేషంలో బతికింది. పాతబస్తీ వధువులు ధరించే ఖడా దుపట్టా వేషంలో చుస్త్ పైజామా, చోళీ, పలచటి కుర్తా, సుమారు ఆరు గజాల దుపట్టా ఉంటాయి. గోటా, కిరణ్, జరీ అంచులు లాడ్ బజార్‌లో నేటికీ అమ్ముతారు. వాటిని బట్ట మీద కుట్టే కార్చోబీ పనివారు పాతబస్తీలో ఉన్నారు. ఆస్థాన కుటుంబాల దుస్తులు చౌమహల్లా ప్యాలెస్‌లోనూ, ఆరో నిజాం బట్టల బీరువాల గది పురానీ హవేలీలోనూ చూడవచ్చు. (చూ. ఖడా దుపట్టా, కార్చోబీ, లాడ్ బజార్)

మౌలాలిలోని మహ్‌లఖా సమాధి తోట చాలాకాలం నిర్లక్ష్యంలో పడి ఉండి, 2010–11లో అమెరికా ప్రభుత్వ సాంస్కృతిక నిధి సాయంతో బాగుపడింది. గోల్కొండ బాలేల గురించి చదివేవారు, ఆడేవారు, వాటికి దుస్తులు కూర్చేవారు పారిస్ చిత్రాల కంటే ముందు చూడవలసిన చోటు ఇదే.